కట్టేసిన మనిషి పాట



ఒక మనిషిని నలుగురి ముందు నిలబెట్టి, చేతులు కట్టేసి, కొరడాతో కొడుతున్నారు. మోకాళ్ల మీద కూలబడి తప్పయిందని ఒప్పుకుంటే చాలు, అంతటితో ఆపుతామంటున్నారు. సరిగ్గా అప్పుడు ఆ మనిషి పాడాలి. సినిమా పాట కట్టేవాళ్లకు ఇంతకన్నా చిక్కు సందర్భం దొరకదు. దెబ్బలు తినేవాడు పాడతాడా అని ప్రేక్షకుడికి ఒక్క క్షణం అనుమానం వచ్చిందంటే హాలులో నవ్వు మొదలవుతుంది. ఒక్కడు నవ్వితే పక్కవాడూ నవ్వుతాడు, ఇక ఆ సినిమా అక్కడే కూలబడుతుంది. మన సినిమాల్లో దీనికి పాత ఉపాయం ఒకటుంది. హీరో నోరు విప్పడు. వెనక నుంచి ఎవరిదో గొంతు వినిపిస్తుంటుంది, తెర మీద కన్నీళ్లు కారుతుంటాయి. ఎన్ని సినిమాలు ఆ ఉపాయంతో గట్టెక్కాయో లెక్క లేదు.

‘ఆర్ఆర్ఆర్’ సినిమా తీసినవాళ్లు ఆ ఉపాయం జోలికి పోలేదు. పోవడానికి వీల్లేకుండా కథ రాసుకున్నారు. అక్కడ పాడాల్సింది భీమే. చుట్టూ నిలబడ్డ జనం వినాల్సింది అతని నోటి నుంచే. కొట్టే చేతికి ఆ పాట తగలాలి. ‘కొమురం భీముడో’ అనే ఆ పాట ఎట్లా కట్టారు, మన ఆసిఫాబాద్ గడ్డ మీద కూర్చుని వింటే అందులో ఏం వినిపిస్తుంది, ఏం వినిపించదు, ఇవాళ వాటి గురించి మాట్లాడుకుందాం.

భీం ఎవరో మన శ్రోతలకు చెప్పనక్కర లేదు. దూరాన ఉండి వింటున్నవారి కోసం నాలుగు మాటలు. 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. పశువులు మేస్తే పన్ను, వంటచెరకు ఏరుకుంటే పన్ను, పోడు కొట్టుకుంటే కేసు, ఇదీ అప్పటి నిజాం రాజ్యంలో అడవి బతుకు. భూమి గొడవలో ఒక ఆసామి ప్రాణం పోయింది. దాంతో భీం ఊరు విడిచి అస్సాం తేయాకు తోటల దాకా పోయాడు. తిరిగొచ్చాక జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేలను కూడగట్టాడు. 1940లో ఆ గుట్టల మీదనే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు విడిచాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుకుంటాం. 2016 అక్టోబరులో ఏర్పడ్డ మన జిల్లా పేరులోనూ ఆయన ఉన్నాడు.

సినిమాలో ఉన్నది ఈ జీవితం కాదు. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం ఇద్దరూ కొన్నేళ్లు ఊరు విడిచి పోయారు కదా, ఆ ఏళ్లలో ఎక్కడైనా కలిసి ఉంటే ఎట్లా ఉండేది అని ఊహించి, విజయేంద్ర ప్రసాద్, రాజమౌళి 1920 నాటి ఢిల్లీలో కథ అల్లారు. చరిత్రలో వాళ్లు కలవలేదు. కల్పన అని చెప్పుకునే వచ్చిన సినిమా కాబట్టి ఆ పంచాయితీ నేనిక్కడ పెట్టను. ఒక్క సంగతి మాత్రం గమనించమంటాను. ఆ సినిమా మొదలయ్యేది ఆదిలాబాద్ అడవిలో, ఒక పాటతో. మల్లి అనే గోండు పిల్ల గవర్నరు భార్య చేతి మీద చిత్రం వేస్తూ పాడుతుంది. దొరసానికి ఆ పిల్ల తెగ నచ్చుతుంది. తల్లి ముందు నాణేలు విసిరేసి పిల్లను బండెక్కించుకుంటారు. పాటకు ఇచ్చిన బహుమానం అనుకుంటుంది ఆ తల్లి. పిల్లకు కట్టిన ఖరీదని తర్వాత గానీ తెలియదు.

అంటే కథకు మూలం మన అడవి పాటను బయటివాళ్లు మోజుపడి ఎత్తుకుపోవడం. ఆ మల్లిని వెతుక్కుంటూ భీం ఢిల్లీ పోతాడు, పట్టుబడతాడు, కొరడా కింద నిలబడతాడు. అప్పుడొచ్చేది ఈ పాట. మల్లి పాటా, భీం పాటా రెండూ రాసింది సుద్దాల అశోక్‌తేజ. పులులు, మంటలు, వంతెన మీద నుంచి దూకడాలు అన్నీ ఈ రెండు పాటల మధ్య జరిగిన హడావుడి అని నేను మిత్రులతో అంటే, నువ్వు సినిమా చూశావా, రేడియో విన్నావా అని నవ్వారు. రేడియోలో మాట్లాడేవాడికి అంతకన్నా మెప్పు ఏముంటుంది?

అశోక్‌తేజ మన దిక్కుకు కొత్తవారు కాదు. సినిమాల్లోకి పోకముందు మెట్‌పల్లి ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆయన తండ్రి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలపు ప్రజాకవి. గొల్లసుద్దుల వంటి పల్లె కళారూపాలను పోరాటానికి మలిచి ఊరూరా పాడినవారు. ఆ ఇంట్లో పాట కాలక్షేపం కింద లెక్కకు వచ్చి ఉండదు. పది మందిని ఒకచోట నిలబెట్టే పని దానిది. ‘ఠాగూర్’ సినిమాలో పాటకు అశోక్‌తేజకు 2003 సంవత్సరపు జాతీయ అవార్డు వచ్చింది. అది పిడికిలి ఎత్తి పాడే పాట. ఇక్కడ ఆ పిడికిలికి తాళ్లు కట్టేశారు. మరి ఏం రాయాలి?

ఆయన రాసింది ఒట్టు. మన ఊళ్లలో కోపం వచ్చినా, పౌరుషం వచ్చినా మనిషి వేసే ఒట్టు ఎట్లా ఉంటుంది? ఈ పని చెయ్యకపోతే నేను ఫలానావాని కొడుకునే కాదు అంటాం. పుట్టుకను పందెం పెడతాం. ఈ పాట నడక సరిగ్గా అదే. తల వంచినా, దెబ్బకు అరిచినా, కంట నీరు పెట్టినా తన పుట్టుకే అబద్ధమైపోతుందని ఒక్కొక్క షరతు తనకు తానే పెట్టుకుంటూ పోతాడు భీం. అడవి తల్లి, భూమి తల్లి సాక్షులు. దొరల కాలంలో తెలంగాణ పల్లెల్లో కాళ్లు మొక్కి బాంచెన్ అనే అలవాటు ఉండేది కదా, ఆ వంగడాన్ని ఎదురుగా పెట్టుకుని, నేను వంగనని ఒట్టు వేయడం. చదువుకున్నవాళ్ల కవిత్వంలో ఇది గొప్ప అలంకారం కాకపోవచ్చు. అంగడిలో కూరగాయలమ్మే ముసలమ్మకు కూడా ఒక్కసారి వింటే అర్థమయ్యే నిర్మాణం ఇది. పాట హిట్టు కావడానికి నా లెక్కలో మొదటి కారణం ఇదే.

రెండో సంగతి, ఆయన శత్రువును తిట్టలేదు. తెల్లదొర ఊసు, కొరడా పట్టినవాడి ఊసు పాటలో లేదు. జులుం చేసే గద్దె ఉందన్న మాట ఒకటి అట్లా వచ్చి పోతుంది, అంతే. తిట్టే పాట రాయడం తేలిక. విన్నవాడికి రెండు నిమిషాలు నెత్తురు వేడెక్కుతుంది, తర్వాత చల్లబడుతుంది. తనను తాను కాపాడుకుంటున్న మనిషిని చూస్తే అంత తొందరగా మరిచిపోలేం. పైగా చివరి చరణానికి వచ్చేసరికి అశోక్‌తేజ ఆ షరతులన్నీ వదిలేస్తారు. అట్లా అయితే, ఇట్లా అయితే అనే వాక్యాలు ఉండవు. కారుతున్న రక్తం నేలతల్లికి అలంకారంగా మారడాన్ని కళ్ల ముందు జరుగుతున్నట్టు చూపిస్తారు. ఒట్టు నిలబెట్టుకున్నాడని వేరే చెప్పనక్కర లేకుండా పోయింది. వ్యాకరణం మారింది, అంతే. ఇట్లాంటి పనులు వినేవాడికి తెలియకుండా జరగాలి. ఇక్కడ జరిగాయి.

ఇక బాణీ. ఎం.ఎం. కీరవాణిది గోదావరి ఒడ్డు కొవ్వూరు. 1997లో వచ్చిన ‘అన్నమయ్య’కు జాతీయ అవార్డు అందుకున్నవారు. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ అందుకుంటూ, తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని ఆ వేదిక మీదే చెప్పి, వాళ్ల పాట బాణీలోనే తన కృతజ్ఞత పాడేశారు. కార్పెంటర్స్ అంటే అమెరికాలో 1970లలో నెమ్మదైన పాప్ పాటలకు పేరుపడ్డ అన్నాచెల్లెళ్ల జంట. ఆ రకం పాటల రహస్యం అంతా ఓపికలో ఉంటుంది. గొంతు కింది స్థాయిలో, మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది. వాయిద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఎక్కడో మూడు వంతులు గడిచాక గానీ పాట పూర్తి ఎత్తుకు రాదు. దాన్నే పాశ్చాత్యులు బ్యాలడ్ అంటారు. కార్పెంటర్స్ విన్న చెవికి, అన్నమయ్యను కట్టిన చేతికి ఈ సందర్భం వచ్చింది.

ఇప్పుడు పాట కట్టే ఎవరినైనా అడగండి. మొదటి పది సెకన్లలో దరువు పడకపోతే వేలు పక్క పాట మీదికి పోతుందంటారు. ‘కొమురం భీముడో’ మొదలు వింటే గొంతు దాదాపు ఒంటరి. వెనక ఏవో స్వరాలు నిలబడి ఉన్నాయి గానీ అవి గొంతును తోసుకురావు. నడక బరువుగా, ఆగి ఆగి. ఒక్కో పాదం పూర్తయ్యాక ఖాళీ వదిలారు. కొట్టేవాడు కొరడా ఎత్తి దించడానికి కావలసినంత ఖాళీ అది. సినిమా హాలులో ఆ ఖాళీలను దెబ్బల చప్పుడు నింపుతుంది. కొరడానే తాళం వేసింది అనొచ్చు. ఫోనులో, రేడియోలో విన్నప్పుడు దెబ్బ ఉండదు, ఖాళీ మాత్రం ఉంటుంది. సినిమా చూసినవాడికి ఆ ఖాళీలో దెబ్బ దానంతటదే వినిపిస్తుంది. చూడనివాడికి ఏదో జరగబోతోందన్న భయం పుడుతుంది.

ఇంకో సంగతి. కట్టేసిన మనిషి కదలలేడు. కదలలేని మనిషికి వేగమైన బాణీ ఇస్తే అబద్ధమవుతుంది. సినిమా పాటలో సాధారణంగా కాళ్లూ చేతులూ చేసే పనిని ఇక్కడ ఒక్క గొంతే చేయాలి. అందుకే కీరవాణి పాట ఎత్తును వేగంతో పెంచలేదు, స్థాయితో పెంచారు. నడక మారకుండా స్వరం పైకి పోతుంది. తీగ వాయిద్యాలు, కోరస్ గొంతులు కలిసి వెడల్పవుతాయి. చలికాలంలో మనం వేసుకునే నెగడు ఇట్లాగే అంటుకుంటుంది, ఎవరూ ఊదకుండా. నా మటుకు నాకు, చివర్లో వాద్యబృందం హోరు కాస్త ఎక్కువైంది. అప్పటికే కళ్లు చెమర్చినవాడిని మళ్లీ ఏడవమన్నట్టు. సినిమా హాలు కొలతలతో చేసిన పని అది, ఇంట్లో కూర్చుని వినేవాడికి అంత అవసరం లేదు.

పాడింది కాలభైరవ, కీరవాణి పెద్ద కొడుకు. 2017లో ‘బాహుబలి’ రెండో భాగంలో ‘దండాలయ్యా’, మరుసటి ఏడు ‘అరవింద సమేత’లో ‘పెనివిటి’ పాడిన గొంతు. రాహుల్ సిప్లిగంజ్‌తో కలిసి ‘నాటు నాటు’ పాడింది కూడా ఈయనే. ఒకే సినిమాలో ఒక పాటకు గొంతు గెంతాలి, ఇంకో పాటకు నేలకు అతుక్కుపోవాలి. ‘కొమురం భీముడో’లో ఆయన గమకాల పనితనం చూపించుకోవడానికి పోలేదు. తెరిచిన గొంతు, ‘ఓ’ అని పొడుగ్గా సాగే పిలుపు, మధ్యమధ్య వినిపించే ఊపిరి. దెబ్బ తగిలినవాడి ఊపిరి అట్లాగే ఉంటుంది కాబట్టి నమ్ముతాం. ఆ ‘ఓ’ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. తెర మీద పెదవులు కదిలింది తెలుగు పాటకు. హిందీలోకి, తమిళంలోకి పోయినప్పుడు పదాలు మారినా పేరు మారదు, నోరు తెరుచుకునే చోటు మారదు. ఇది ముందే అనుకుని చేశారో లేదో గానీ, ఇతర భాషలవాళ్లకు పాట అతుకులు కనిపించకుండా చేరింది.

2021 డిసెంబరులో పాట బయటికొచ్చింది, 2022 మార్చి 25న సినిమా. తర్వాతి సంగతి తెలిసిందే. ప్రపంచమంతా ‘నాటు నాటు’కు గంతులేసింది. 2023 ఆగస్టులో జాతీయ సినిమా అవార్డులు ప్రకటించినప్పుడు మాత్రం ఉత్తమ గాయకుడి అవార్డు కాలభైరవకు ఈ నెమ్మది పాట మీద వచ్చింది. ఆస్కార్ హోరులో ఆ వార్తను మనవాళ్లు తగినంత పట్టించుకోలేదు. మన భీం పేరు మకుటంగా ఉన్న పాటకు దేశంలో ఉత్తమ గానంగా గుర్తింపు వచ్చిందంటే, ఆసిఫాబాద్‌లో కనీసం ఒక పూట పండగ చేసుకోవాల్సింది.

ఇట్లాంటి పాటలకు లోకంలో పెద్ద చుట్టాలున్నారు. అమెరికాలో నల్లజాతి గాయకుడు శామ్ కుక్. తండ్రి చర్చి బోధకుడు, కొడుకు చర్చి బృందంలో పాడి, తర్వాత సోల్ అనే సంగీత మార్గానికి ఆద్యుల్లో ఒకడయ్యాడు. 1963 అక్టోబరులో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఒక హోటలు ఆయనకు గది ఇవ్వలేదు. అడిగితే గొడవ చేశాడని అరెస్టు చేశారు. ఆ అవమానం వెనకాల ఆయన రాసుకున్న పాట ‘ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్’. 1964 జనవరిలో రికార్డు చేశారు. రెనే హాల్ అనే ఆయన దానికి వాద్య సంవిధానం కూర్చాడు. వయొలిన్లు, కొమ్ము వాయిద్యం, పెద్ద నగారా. ఒక్కో చరణానికి ఒక్కో వాద్య వర్గం ముందుకొస్తుంది. గాయకుడి గొంతు నిబ్బరంగా నిలబడి చెబుతుంది, ఏడుపంతా వాద్యబృందం మోస్తుంది. ఆ ఏడాది డిసెంబరులో శామ్ కుక్ కాల్పుల్లో చనిపోయాడు. ఆ పాట చిన్న రికార్డుకు రెండో వైపున వచ్చింది. అయినా ఆ దేశంలో పౌరహక్కుల ఉద్యమమంతా దాన్ని తనదిగా చేసుకుంది.

‘కొమురం భీముడో’ కొలత కూడా అదే. ఏడవనంటున్న గొంతు ఒకటి, ఆ గొంతు బదులు ఏడ్చే వాద్యాలు కొన్ని. గుడి, చర్చి, జాతర, ఎక్కడో ఒకచోట పుట్టిన గానానికి స్టూడియోలోని వాద్యబృందాన్ని జతచేయడం. కీరవాణి శామ్ కుక్‌ను అనుసరించారని నేననడం లేదు. అవమానించబడ్డ మనిషి తల ఎత్తి నిలబడాలంటే పాట ఎంత నెమ్మదిగా నడవాలో ఇద్దరికీ విడివిడిగా తెలిసింది. తేడా కూడా ఉంది. శామ్ కుక్ ‘నేను’ అని చెప్పుకున్నాడు. మన పాటలో భీం ‘నేను’ అనకుండా తనను తాను పేరు పెట్టి పిలుచుకుంటాడు.

ఈ తేడా దగ్గరే నాకు మన గూడేలు గుర్తొస్తాయి.

గోండుల్లో వీరుడు తన కథ తాను పాడుకోడు. దానికి పర్ధాన్‌లు ఉన్నారు. ఒక్కో వంశానికి తరతరాలుగా ముడిపడ్డ పర్ధాన్ కుటుంబం ఉంటుంది. ఆ వంశం పుట్టుక, దేవుళ్లు, యుద్ధాలు, వలసలు అన్నీ వాళ్ల నోట ఉంటాయి. చేతిలో కిక్రి, అంటే విల్లుతో వాయించే మూడు తీగల వాయిద్యం. భీం చనిపోయాక, అసలు ఈ తిరుగుబాటు ఎందుకొచ్చిందో చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన భార్య బెట్టితో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1948లో అచ్చయిన రాజ్‌గోండుల పుస్తకంలో ఈ పర్ధాన్‌ల గానాన్ని వివరంగా రాసిపెట్టాడు. ఇంట్లో మరాఠీ మాట్లాడే పర్ధాన్‌లు కథ మాత్రం గోండిలో పాడతారని కూడా ఆయన గమనించాడు. కాబట్టి గోండు వీరుడి పాట వేరే భాష మాట్లాడేవాడి గొంతులో పలకడం ఇక్కడ కొత్త కాదు. తెలుగులో పాడితే తప్పా అని అడిగేవారికి నా జవాబు ఇదే.

మరి సినిమాలో భీం ఢిల్లీలో ఒంటరిగా నిలబడ్డాడు. అక్కడ పర్ధాన్ లేడు, కిక్రి లేదు, తన వంశం పేరు తెలిసినవాడు ఒక్కడు లేడు. తనను పేరు పెట్టి పిలిచి, నువ్వు ఎవరి బిడ్డవో యాది చేసుకో అని చెప్పేవాడు కావాలి. ఎవరూ లేకపోతే ఏం చేస్తాడు? తనకు తానే పర్ధాన్ అవుతాడు. తన వంశగానం తానే ఎత్తుకుంటాడు. అడవి తల్లినీ భూమి తల్లినీ తలచుకోవడం వంశం చెప్పుకోవడమే. ‘కొమురం భీముడో’ అని అతను పిలిచేది తనను తాను పొగుడుకోవడానికి అని ఎవరికైనా అనిపిస్తే, జోడేఘాట్ దిక్కు వచ్చి ఒక కథాగానం వినమని చెబుతాను. ఈ సంగతి తెలిసే రాశారా, గొల్లసుద్దుల ఇంటి సంస్కారం వల్ల అశోక్‌తేజ చేతికి అదే వచ్చిందా, నేను చెప్పలేను. వినేవాడిగా నాకు పాట తాళం ఇక్కడ విచ్చుకుంది.

అట్లాగని సినిమాను నెత్తిన పెట్టుకోలేను. 2020 అక్టోబరు 22న, భీం జయంతి నాడు వచ్చిన టీజర్‌లో భీం తలకు ముస్లింలు పెట్టుకునే టోపీ పెట్టి చూపించినప్పుడు మన ఆదివాసీ సంఘాలు, అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపురావు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అది మారువేషమని సినిమా చూశాక తెలిసింది, ఆ మంట చల్లారింది. నాకు ఎక్కువ గుచ్చుకున్నది చివర. ఏం కావాలో కోరుకో అని రామరాజు అడిగితే, చదువు చెప్పమంటాడు భీం. మన దిక్కు చెప్పుకునే భీం కథలో, ఆయన అస్సాం నుంచి తిరిగొచ్చేసరికే చదవడం రాయడం వచ్చినవాడు. కొరడా కింద అంత నిటారుగా నిలబెట్టిన మనిషిని చివర్లో విద్యార్థిగా కూర్చోబెట్టడం ఎందుకో నాకు అర్థం కాలేదు. పాట ఇచ్చిన ఎత్తును కథ కొంచెం తగ్గించింది.

భీం పేరు పెద్ద సినిమాతోనే లోకానికి తెలిసిందనే మాట కూడా నేను ఒప్పుకోను. అల్లం రాజయ్య, సాహు కలిసి ‘కొమురం భీం’ నవల 1983లోనే రాశారు. అల్లాణి శ్రీధర్ తీసిన సినిమా 1990లో తయారై, థియేటర్లకు రావడానికి 2010 దాకా ఆగింది. దానికి డబ్బు లేదు, హాళ్లు దొరకలేదు. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి మండలం లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య ‘ఊరు మనదిరా’ రాసి దశాబ్దాలవుతుంది. పదహారు భాషల్లో పాడారంటారు దాన్ని. ఆ పాట బతకడానికి ఏ స్టూడియో అవసరం పడలేదు. పాట పుట్టడానికి మన దగ్గర కొదవ లేదని చెప్పడానికే ఈ పేర్లు.

‘కొమురం భీముడో’లో కిక్రి వినిపించదు, గోండి మాట వినిపించదు. వాళ్లు అది పెట్టాల్సిందని నేను తప్పుపట్టను. తెలుగు సినిమా, తెలుగు పాట. అయితే ఇప్పుడు ఉట్నూరులో, జైనూరులో, ఆసిఫాబాద్‌లో గోండి పాటలు కట్టి యూట్యూబ్‌లో పెడుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీ గొంతులు బాగున్నాయి, మాటలు బాగున్నాయి. ఏ పాట విన్నా వెనక ఒకటే కీబోర్డు దరువు. పెళ్లి పాటకూ అదే, నాగోబా జాతర పాటకూ అదే, భీం పాటకూ అదే. కిక్రి ఆ దరువులో ఇమడదు. పర్ధాన్ తన గొంతును బట్టి తీగ బిగిస్తాడు, కథను బట్టి ఆగుతాడు, గుక్క ఎక్కడ దొరికితే అక్కడ సాగదీస్తాడు. యంత్రం లెక్కపెట్టే తాళానికి ఆ ఆగడం తప్పుగా కనిపిస్తుంది. అందుకే రికార్డింగు దగ్గర కిక్రి తాతను పక్కన కూర్చోబెట్టి, కీబోర్డు అబ్బాయిని మైకు ముందుకు పిలుస్తున్నారు.

ఒక్క పాటకు తిరగేసి చూడండి. ముందు కిక్రినీ గొంతునూ కలిపి, ఏ తాళం లెక్కా చెవిలో పెట్టకుండా రికార్డు చేయండి. ఖాళీలు ఎక్కడొస్తే అక్కడ వదిలేయండి. తర్వాత డోలు కావాలంటే ఆ ఖాళీలు చూసుకుని వాయించేవాడిని పిలవండి, మన ఊళ్లలో వాళ్లకు కరువు లేదు. భీం పేరు గోండిలో ఎట్లా పిలుస్తారో అట్లాగే పిలవండి. వినేవాళ్లు రాలేదనుకోండి, పోయేదేం లేదు. కీబోర్డులో ఆ దరువు ఎక్కడికీ పోదు, మీట నొక్కితే మళ్లీ వస్తుంది.